వేలంలో బొమ్మ గీసినవాడి వాటా

1889 జులై 1న పారిస్‌లో ఒక వేలం జరిగింది. రాగి సట్టా వ్యాపారంలో చేతులు కాల్చుకున్న సెక్రెటాన్ అనే సంపన్నుడి చిత్రాలు అమ్మకానికి వచ్చాయి. అందరి కళ్లూ వాటిలో ఒక్కదాని మీదే ఉన్నాయి. వెడల్పు రెండడుగులు కాస్త దాటే చిన్న కాన్వాసు అది. దాన్ని ఎలాగైనా దక్కించుకోవాలని అమెరికా వ్యాపారులు పట్టుబట్టారు. దేశం దాటనివ్వకూడదని ఫ్రాన్స్ మాజీ మంత్రి ఆంతోనిన్ ప్రూస్త్ వారికి పోటీగా పాడాడు. చివరికి 5,53,000 ఫ్రాంకుల దగ్గర పాట ఆయన పేరిట ఖాయమైంది. హాలంతా ఫ్రాన్స్‌కు జేజేలతో మార్మోగింది. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఆ సొమ్ము పార్లమెంటులో మంజూరు కాలేదు, చిత్రం అమెరికా ఓడెక్కింది. మరుసటి ఏడాది షోషార్ అనే పారిస్ వర్తకుడు ఏడున్నర లక్షల ఫ్రాంకులు పోసి దాన్ని వెనక్కి తెప్పించాడు. 1909లో చనిపోతూ జాతికి రాసిచ్చాడు. పారిస్‌లోని ఆర్సే మ్యూజియంలో ఈనాడు జనం బారులు తీరి చూస్తున్న ‘ఏంజెలస్’ అదే.

ఆ బొమ్మలో రాజులు లేరు, దేవతలు లేరు. పొద్దు వాలుతున్న వేళ ఒక బంగాళదుంపల చేను, అందులో గుడి గంట వినపడి పని ఆపేసిన ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. అతను టోపీ తీసి రెండు చేతులతో గుండెల దగ్గర పట్టుకున్నాడు. ఆమె చేతులు జోడించి తల వంచింది. దుంపలు తవ్వే పనిముట్టు మట్టిలో గుచ్చినట్టే ఉంది. ఇద్దరి మధ్య నేల మీద దుంపల బుట్ట, వెనక బస్తాలు వేసిన తోపుడు బండి, దూరాన చర్చి శిఖరం. చిన్నప్పుడు సాయంత్రం గంట మోగగానే చేలో పని ఆపించి, పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయించే నాయనమ్మను తలచుకుంటూ జాఁ ఫ్రాన్సువా మిలే దీన్ని వేశాడు. నార్మండీ రైతు బిడ్డ కాబట్టి ఆ నడుముల అలసట ఆయనకు తెలుసు. వేయమని పురమాయించిన అమెరికన్ వచ్చి తీసుకుపోలేదు. చివరికి మిలే దాన్ని వెయ్యి ఫ్రాంకులకు అమ్ముకున్నాడు.

1875లో మిలే కన్నుమూశాడు. తొమ్మిది మంది పిల్లల ఆ ఇంటికి తోటి చిత్రకారుడు కోరో పదివేల ఫ్రాంకులు సాయం చేశాడు. మిలే కుటుంబం పడిన కష్టాల గురించి తర్వాత పారిస్‌లో కథలు కథలుగా చెప్పుకున్నారు. వాటిలో ఎంత నిజం, ఎంత కల్పన అన్నది పక్కన పెట్టినా ఈ లెక్క మాత్రం తిరుగులేనిది: వెయ్యి ఫ్రాంకుల బొమ్మ ముప్పయ్యేళ్లలో ఐదున్నర లక్షలు పలికితే, పెరిగిన ఆ విలువలో ఒక్క ఫ్రాంకు మీద కూడా గీసినవాడి కుటుంబానికి చట్టం హక్కు ఇవ్వలేదు. కోరో ఇచ్చింది స్నేహంతో ఇచ్చిన సాయం. అలాంటి స్నేహితుడు లేని ఇల్లు ఎవరిని అడగాలి?

ఆ ప్రశ్నను జనం మనసుకు పట్టించింది ఒక వ్యంగ్యచిత్రం. జాఁ లూయీ ఫొరాఁ గీశాడు. లోపల వేలం హాల్లో డబ్బున్నవాళ్లు పోటీలు పడుతుంటారు. చినిగిన బట్టలతో ఇద్దరు పిల్లలు చూస్తుంటారు. అమ్ముడవుతున్నది నాన్న వేసిన బొమ్మ అని ఒకరు రెండోవారికి చెబుతుంటారు. వాదోపవాదాలు ఎన్ని జరిగినా అంత సూటిగా తగిలినది మరొకటి లేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1920 మే 20న, ఫ్రాన్స్ చట్టం చేసింది. బహిరంగ వేలంలో బొమ్మ మళ్లీ అమ్ముడైన ప్రతిసారీ ధరను బట్టి ఒకటి నుంచి మూడు శాతం దాకా చిత్రకారుడికో, వారసులకో ముట్టాలి. అంతకు ఆరేళ్ల ముందే, 1914 మార్చిలో, ఆంద్రే లెవెల్ అనే సేకర్త తన మిత్రులతో కలిసి పదేళ్లుగా కొన్న చిత్రాలను వేలం వేసి, వచ్చిన లాభంలో 20 శాతం చిత్రకారులకు పంచిపెట్టాడు. ఆ చిత్రాల్లో పికాసోవీ ఉన్నాయి. అడిగేవారు లేకపోయినా ఇవ్వాలన్న మనసు ఆ మిత్రబృందానికి ఉంది. మనసు లేనివారి చేత కూడా ఇప్పించడానికే చట్టం అవసరమైంది.

పందొమ్మిదో శతాబ్దపు యూరప్ చిత్రాల వేలం చరిత్ర మొత్తం తిరగేస్తే ఈ అవసరం మరింత తేటతెల్లమవుతుంది. అక్కడి ధర బొమ్మలో ఉన్న పనితనాన్ని బట్టి నిలకడగా నడిచింది లేదు. అది కాలపు అభిరుచితో ఊగిసలాడింది. ఎడ్విన్ లాంగ్ 1875లో వేసిన ‘బాబిలోన్ పెళ్లిసంత’ (అందులో వేలానికి నిలబెట్టింది పెళ్లికూతుళ్లను, చూస్తుంటే మనసు కలుక్కుమంటుంది) 1882లో 6,300 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) పలికింది. బతికున్న బ్రిటిష్ చిత్రకారుడి బొమ్మకు అప్పటికి అదే రికార్డు. ఆ తరం పోగానే విక్టోరియా కాలపు చిత్రాలంటే చులకన మొదలైంది. ఆల్మా తడేమా 1904లో పూర్తిచేసిన ‘మోషే దొరికిన ఘట్టం’ చిత్రానికి, దాన్ని వేయించుకున్న ఆసామి 5,250 పౌండ్లు ఇచ్చాడు. 1960లో అదే చిత్రం 252 పౌండ్ల దగ్గర ఆగిపోయింది, ముందుకొచ్చి కొనేవారే లేకపోయారు. 2010 నవంబరులో న్యూయార్క్‌లో సోత్‌బీస్ అనే వేలం సంస్థలో 3 కోట్ల 59 లక్షల డాలర్లు పలికింది. ఆ మధ్యకాలంలో బొమ్మలో ఒక్క గీత మారలేదు.

వాన్ గో సంగతి లోకమంతా ఎరిగినదే. 1890 తొలినాళ్లలో బ్రసెల్స్‌లో ‘ఎర్ర ద్రాక్షతోట’ను ఆన్నా బోష్ 400 ఫ్రాంకులకు కొన్నది. ఆ ఏడాదే ఆయన పోయాడు. తమ్ముడి భార్య యో 1897లో ‘డాక్టర్ గాషే’ చిత్రాన్ని 300 ఫ్రాంకులకు అమ్మింది. ఆ చిత్రం జర్మనీ మ్యూజియంలో గోడకెక్కి, 1937లో నాజీల జప్తుకు గురై, చేతులు మారి మారి 1990 మే 15న న్యూయార్క్ క్రిస్టీస్‌లో 8 కోట్ల 25 లక్షల డాలర్లకు జపాన్ కాగితం పరిశ్రమాధిపతి సైటో చేతికి చేరింది. రెండు రోజుల తర్వాత ఆయనే రెన్వార్ చిత్రాన్ని 7 కోట్ల 81 లక్షలకు పాడుకున్నాడు. తర్వాతి కాలంలో గాషే చిత్రం ఎక్కడుందో లోకానికి తెలియకుండా పోయింది. గీసినవాడికి దక్కకపోగా, చూసేవాడికీ దక్కలేదు.

ఆ తర్వాత అంకెలు ఇంకా పైకి పోయాయి. మోనే వేసిన గడ్డివాముల చిత్రం ఒకటి 1986లో 25 లక్షల డాలర్ల పైచిలుకుకు కొన్నవారికి 2019 మేలో 11 కోట్ల 7 లక్షలు తెచ్చిపెట్టింది. 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకడైన పాల్ అలెన్ సేకరణ వేలంలో జార్జ్ సూరా చిత్రం 14 కోట్ల 92 లక్షల డాలర్లు, సెజాన్ కొండ చిత్రం 13 కోట్ల 78 లక్షల డాలర్లు పలికాయి. సూరా ముప్పయ్యి రెండేళ్లు నిండకముందే పోయినవాడు. మోనే మాత్రం బతికుండగానే బాగా గడించాడు, ఆయన మీద జాలి చూపాల్సిన పని లేదు. మేం మాట్లాడుతున్నది జాలి గురించి కాదు, న్యాయమైన వాటా గురించి.

ఈ డబ్బు ఎవరెవరి మధ్య పంచుకోబడుతుందో చూడండి. వేలం సంస్థ అమ్మేవాడి దగ్గర కమీషన్ తీసుకుంటుంది. కొనేవాడి దగ్గరా తీసుకుంటుంది. ఈ రెండో వసూలును క్రిస్టీస్, సోత్‌బీస్ 1975లో లండన్‌లో పది శాతంతో మొదలుపెట్టాయి. ఒక స్థాయి ధర దాకా ఇప్పుడది పావు వంతు దాటింది. ముందుగానే కనీస ధరకు హామీ ఇచ్చినవాడికి లాభంలో భాగం ఉంటుంది. దళారికి, బీమా కంపెనీకి, వకీలుకు, సర్కారుకు ఎవరి పద్దు వారిది. చాలదన్నట్టు ఈ రెండు సంస్థలే కమీషన్ల విషయంలో కూడబలుక్కున్నట్టు తేలి, ఖాతాదారులకు 51 కోట్ల 20 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. సోత్‌బీస్ మాజీ ఛైర్మన్ జైలుకు వెళ్లాడు. ఇంతమందికి పంచిపెట్టగా బొమ్మ గీసినవాడికి ఒక శాతం ఇమ్మంటే మాత్రం బజారు కుప్పకూలుతుందని గగ్గోలు పెడతారు.

ఆ గగ్గోలును బ్రిటన్ చాలా ఏళ్లు విన్నది. హక్కు వస్తే వ్యాపారమంతా న్యూయార్క్ తరలిపోతుందని లండన్ వర్తకులు వాదించారు. యూరప్ సమాఖ్య 2001లో ఆదేశం ఇచ్చింది, బ్రిటన్ 2006లో అమలు మొదలుపెట్టింది, 2012 నుంచి చనిపోయిన చిత్రకారుల వారసులకూ వర్తింపజేసింది. లండన్‌లో వేలం హాళ్లు మూతపడలేదు. యూరప్ నియమం అంత బరువైనదేమీ కాదు. తక్కువ ధర మీద నాలుగు శాతం, ధర పెరిగేకొద్దీ తగ్గుతూ పావు శాతం, ఎన్ని కోట్లు పలికినా మొత్తం 12,500 యూరోలు దాటకూడదు. చిత్రకారుడు పోయిన డెబ్బై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. అంటే మిలే, వాన్ గో, మోనేల వారసులకు ఇక ఒరిగేదేమీ లేదు. ఏ బజారు చేసిన అన్యాయం చూసి ఈ హక్కు పుట్టిందో, ఆ బజారులోని గొప్పవాళ్లంతా దాని పరిధి దాటిపోయారు. కానీ ఈరోజు గీస్తున్నవాళ్లు ఉన్నారు. నిన్నమొన్న పోయినవాళ్ల ఇళ్లున్నాయి.

ఒక అభ్యంతరం మాత్రం ఆలోచించదగినది. ఈ వాటాలో ఎక్కువ భాగం ఇప్పటికే పేరు మోసినవారి వారసులకే పోతుందన్నది ఆ అభ్యంతరం. కొంత నిజమే. అందుకే హక్కు మొదలయ్యే ధర తక్కువగా ఉండాలి, పై పరిమితి ఉండాలి. ఐదొందలు, వెయ్యి యూరోల చెక్కు పికాసో మనవళ్లకు లెక్కలోకి రాకపోవచ్చు. రంగులు కొనడానికి తడుముకునే అరవై ఏళ్ల చిత్రకారుడికి అది ఒక నెల గడిపే డబ్బు.

ఈ చర్చ మనకు పరాయిది కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రాంచెస్కో హయేజ్ ‘సబ్బు బుడగలు’ ముందు నిలబడిన మన పిల్లలకు ఆ కాలపు యూరప్ చిత్రకళ కొత్తేమీ కాదు. అంతకంటే ముఖ్యంగా, ఆ ఫ్రెంచి చట్టం తాలూకు మనవరాలు లాంటి నిబంధన ఒకటి మన చట్టపుస్తకంలోనే ఉంది. 1994 సవరణతో వచ్చిన కాపీరైట్ చట్టం 53ఏ సెక్షన్ ప్రకారం పదివేల రూపాయలు దాటి మళ్లీ అమ్ముడైన చిత్రం, శిల్పం, రేఖాచిత్రం, రచయిత చేతిరాత ప్రతి మీద సృష్టికర్తకు, వారసులకు వాటా ఉంటుంది. గరిష్ఠం పది శాతం. యూరప్ కంటే ఉదారమైన మాట. అయితే ఎంత శాతమో తేల్చే పని కాపీరైట్ బోర్డుకు అప్పగించారు. ఆ బోర్డు పోయింది. దాని స్థానంలోకి వచ్చిన మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డు 2021లో రద్దయింది. పని కోర్టుల గడపకు చేరింది. ఒక పటచిత్రకారుడు, ఒక శిల్పి తన బొమ్మ ఎక్కడో చేతులు మారిందని తెలుసుకుని, వకీలును పెట్టుకుని కోర్టుకెక్కి శాతం తేల్చుకోవాలట. ఎంతమందికి సాధ్యం?

రచయితల, కళాకారుల హక్కుల కోసం దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం ఒక దేశపు చిత్రకారుడు ఇంకో దేశంలో ఈ వాటా అడగాలంటే ముందు సొంత దేశంలో ఆ హక్కు ఉండాలి. మన దగ్గర దాన్ని అటకెక్కించి, మన చిత్రాలకు బయటి దేశాల్లో వాటా ఇమ్మని గట్టిగా అడగలేం. 2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్‌లో హుస్సేన్ ‘గ్రామ యాత్ర’ కోటీ 37 లక్షల డాలర్లు దాటి ఆధునిక భారతీయ చిత్రకళలో రికార్డు సృష్టించింది. హైదరాబాద్‌ను ప్రేమించి ఇక్కడ సినిమా ఘర్ కట్టుకున్నవాడు ఆయన. ఆ అమ్మకం మీద ఆయన వారసులకు హక్కు ఇచ్చే చట్టం అమెరికాలో లేదు. కాలిఫోర్నియా 1976లో చేసిన చట్టాన్ని కూడా అక్కడి అప్పీలు కోర్టు 2018లో దాదాపుగా కొట్టేసింది.

కేంద్ర ప్రభుత్వం చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. 53ఏ కింద శాతాల పట్టికను నిబంధనల్లోనే ప్రకటించాలి, ఎవరూ కోర్టుకెక్కి తేల్చుకోవాల్సిన అగత్యం ఉండకూడదు. దేశంలో వేలం వేసే ప్రతి సంస్థా, ప్రతి గ్యాలరీ తిరిగి అమ్మిన చిత్రం వివరాలు, ధర నమోదు చేసి, వాటా సొమ్మును అమ్మకం నాడే మినహాయించి జమ చేయాలి. ఫ్రాన్స్‌లో ఏడీఏజీపీ, బ్రిటన్‌లో డాక్స్ చిత్రకారుల పక్షాన వసూలు చేసి పంచుతున్నాయి. అలాంటి సంస్థ మన దగ్గర వేళ్లూనుకోవడానికి తొలి ఏళ్ల ఖర్చును లలితకళా అకాడమీ భరించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ సాంస్కృతిక శాఖల ద్వారా చిత్రకారుల, వారసుల పేర్లు నమోదు చేయించడం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.