గీకి చూడండి

కిందటి శ్రావణంలో కడియం మొక్కలు తెచ్చి అమ్మే ఆయన దగ్గర పారిజాతం కొన్నాను. "మరీ పెద్ద చెట్టవదు, పన్నెండు నెలలూ ఏదో ఒక అందం ఉంటుంది సార్" అన్నాడు. బ్రాడీపేటలో మా ఇంటి గేటుకీ మోటారుకీ మధ్య ఉన్న జాగా మూడడుగులు. అక్కడే పాతాను.

కార్తీకం దాకా ఆయన మాట నిలబడింది. చీకటి పడ్డాక విచ్చుకోవడం, తెల్లారేసరికి నారింజరంగు కాడలతో సహా నేల మీదుండటం. రాలిన పూలతో పూజ చెల్లేది పారిజాతానికే గనక వంగి ఏరే పని నాదయింది. సంక్రాంతికి బిళ్లల్లాంటి చదును కాయలు మిగిలాయి. శివరాత్రి దాటాక ఆకులు రాలడం మొదలై, ఏప్రిల్‌కి పుల్ల మిగిలింది.

"పన్నెండు నెలల అందం ఇదేనా?" అంది మా ఆవిడ, ఆ పుల్ల మీద తడిగుడ్డ ఆరేస్తూ.

ఎండలకి నీళ్లు పొదుపు చేసుకోవడానికే ఆకు రాలుస్తుందని చెప్పాను. లిన్నేయస్ అనే పెద్దమనిషి 1753లోనే దీనికి 'ఆర్బర్ ట్రిస్టిస్', అంటే ఏడుపు చెట్టు అని పేరు పెట్టాడనీ చెప్పాను. ఆ రెండోది చెప్పకుండా ఉండాల్సింది.

ఎదురింటి మాస్టారు ఉపాయం చెప్పారు. "గోరుతో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే."

గీకాను. పచ్చగానే ఉంది. నా మాట నమ్మక మా ఆవిడ గీకింది. మా ఇద్దరి మాటా నమ్మక పనమ్మాయి గీకింది. పాలబ్బాయి రోజూ గీకి "ఉందండీ!" అని కేకేశాకే పాలు పోసేవాడు. కరెంటు రీడింగుకొచ్చిన కుర్రాడు మీటరు కంటే ముందు దీన్ని చూశాడు. తెనాలి నుంచి వచ్చిన మా మామగారు, ముందురోజే గోళ్లు తీసుకున్నానని చెప్పి, కూరల చాకు తెప్పించుకున్నారు.

మాస్టారు మళ్లీ వచ్చి గుండె బాదుకున్నారు. "చుట్టూ బెరడు పోతే ఆకులు వండిన తిండి వేళ్లకి దిగదండీ, చచ్చిపోతుంది!"

"ఆకులెక్కడున్నాయండీ?"

"వచ్చాక."

ఆవుపేడలో పసుపు కలిపి మెత్తి, పైన ఎర్ర జాకెట్టు గుడ్డ చుట్టాను. ఇక ఎవరు గీకుతారో చూద్దామనుకున్నాను.

ఎవరూ గీకలేదు. మర్నాడు శుక్రవారం. లేచి చూసేసరికి గుడ్డ మీద కుంకుమ బొట్టుంది. పై శుక్రవారానికి అగరొత్తులు, అరటిపండు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, 44 డిగ్రీల ఎండలో, ప్రదక్షిణాలు మొదలయ్యాయి. మధ్యలో మోటారు అడ్డం కాబట్టి సగం చుట్టు మా వరండాలోంచే.

మృగశిర వానకి చిగురేసింది. నా పేడపట్టు మహిమే అనుకుని, గాయం మానిందేమో చూద్దామని గుడ్డ ముడి మీద చెయ్యి వేశాను.

మూడో చుట్టులో ఉన్న ముసలమ్మ ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"చెప్పులు విప్పి ముట్టుకో నాయనా."