అరికాలి మచ్చను చూసేదెవరు?

అరికాల్లో పుట్టుమచ్చ ఉంటే దేశాలు తిరుగుతారని మన పెద్దలు అంటుంటారు. ఆ మచ్చ పుట్టుకతో వచ్చిందా, యాభై దాటాక కొత్తగా వచ్చిందా అని మాత్రం ఎవరూ అడగరు. అడగవలసింది అదే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తెల్లజాతీయుల్లో ఎక్కువగా ఎండ తగిలే వీపు మీద, పిక్కల మీద కనిపిస్తుంది. మనవాళ్లలో అది తరచుగా అరికాల్లో, అరచేతిలో, గోటి అడుగున మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో ఏటా లక్ష మందిలో ముప్ఫై మందికి పైగా ఈ జబ్బు బారిన పడుతుంటే, భారత్‌లో ఆ సంఖ్య లక్షకు ఒకటి కూడా లేదు. అరుదు కాబట్టే మన వైద్యులకు ఈ అనుమానం అన్నిటికన్నా చివర కలుగుతుంది.

గత పదిహేనేళ్లలో క్యాన్సర్ వైద్యం సాధించిన పెద్ద విజయాల్లో మెలనోమా చికిత్స ఒకటి. అంతకుముందు ఈ వ్యాధి ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకిందంటే చాలామంది ఏడాది తిరక్కుండానే చనిపోయేవారు. మెలనోమా కణితుల్లో దాదాపు సగం వాటిలో బీఆర్ఏఎఫ్ అనే జన్యువు దెబ్బతిని ఉంటుందని 2002లో బయటపడింది. దాన్ని అడ్డుకునే వెమురాఫెనిబ్ అనే మందు 2011లో అమెరికాలో అనుమతి పొందింది. అదే ఏడాది వచ్చిన మరో మందు ఇపిలిముమాబ్ దారి వేరు. అది క్యాన్సర్ కణం జోలికి పోదు. మన రోగనిరోధక కణాలకు పడి ఉన్న కళ్లాన్ని వదులు చేస్తుంది. ఈ కళ్లాల గుట్టు విప్పినందుకే శాస్త్రవేత్తలు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. ఇపిలిముమాబ్‌ను, అదే తరహా మందు నివోలుమాబ్‌ను కలిపి తీసుకున్న ముదిరిన దశ రోగుల్లో పదేళ్ల తర్వాత కూడా 43 శాతం మంది బతికే ఉన్నారని 2024లో వెలువడిన ఫలితాలు చెబుతున్నాయి.

అయితే ఈ లెక్కల్లో అరికాలి మెలనోమా రోగులు కొద్దిమందే. పేరు ఒకటే అయినా ఇది తీరు వేరైన జబ్బు. ఇందులో అతినీలలోహిత కిరణాలు చేసిన గాయాల జాడ తక్కువ, క్రోమోజోములు విరిగి అడ్డదిడ్డంగా అతుక్కున్న గుర్తులు ఎక్కువ. బీఆర్ఏఎఫ్ లోపం తక్కువ మందిలోనే ఉంటుంది కనుక ఆ మందు పనికొచ్చేది కూడా తక్కువ మందికే. రోగనిరోధక చికిత్సకు సైతం ఇది అంతగా లొంగదు. కొత్త మందుల్లో కొన్నింటి ఖరీదు మన దేశంలో లక్షల్లో ఉన్నప్పుడు, అవి ఎవరి మీద పరీక్షించి తేల్చినవన్న ప్రశ్న శాస్త్రవేత్తలకే పరిమితం కాదు. పొలం అమ్మి వైద్యం చేయించుకునే కుటుంబానికి అది ఇంకా ముఖ్యం.

గుర్తించే పరిశోధనదీ ఇదే కథ. మచ్చల ఫొటోలు చూసి క్యాన్సర్‌ను చర్మవైద్య నిపుణులకు దీటుగా గుర్తించగల కృత్రిమ మేధను 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించినప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఇలాంటి యంత్రాలకు పాఠాలు చెప్పే బహిరంగ ఫొటో భాండాగారాలను మరో బృందం పరిశీలించి 2022లో వివరాలు వెల్లడించింది. లక్షకు పైగా ఫొటోలలో చర్మపు రంగు నమోదైనవి 2,436. వాటిలో గోధుమ రంగు చర్మానివి పది, అంతకన్నా ముదురు చర్మానిది ఒకే ఒక్కటి. ఈ పాఠాలతో తయారైన ఫోన్ యాప్ రేపు మన ఊళ్లో ఒక పాదాన్ని చూసి ‘భయం లేదు’ అంటే, ఆ మాటను ఏ ధైర్యంతో నమ్మాలి?

నిజానికి అరికాలిని చదివే విద్య ఒకటి జపాన్ వైద్యులు ఎప్పుడో నేర్పారు. డెర్మోస్కోప్ అనే చేతి భూతద్దంతో చూస్తే అరికాలి చర్మం దున్నిన చేనులా, చాళ్లూ గట్లూగా కనిపిస్తుంది. మామూలు మచ్చలో నలుపు చాళ్ల వెంట ఉంటుంది. మెలనోమాలో గట్ల మీదికి ఎక్కుతుంది. గట్టు మీది నలుపు కనిపించనప్పుడు క్యాన్సర్ కాదని చెప్పడానికి లేదు కానీ, కనిపిస్తే మాత్రం అనుమానం బలంగా ఉన్నట్టే. ఈ పరికరం జేబులో పడుతుంది.

కానీ పాదం ఆ భూతద్దం దాకా వచ్చేసరికే ఆలస్యమవుతోంది. మడమ మీద నల్లటి మరక కనబడితే ముల్లు గుచ్చుకుందనుకుంటారు, ఆనె అనుకుని బ్లేడుతో చెక్కుకుంటారు. పుండు పడితే ఆర్‌ఎంపీ దగ్గర ఆయింట్‌మెంట్, షుగర్ ఉన్నవాళ్లయితే నెలల తరబడి డ్రెస్సింగులు. చివరికి జబ్బు పాకి గజ్జల్లో గడ్డ తేలాక ఎవరో ముక్క పరీక్షకు (బయాప్సీ) పంపుతారు. ఈ పొరపాటు పల్లెటూరి వాళ్లకే పరిమితమూ కాదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోటి కింది మచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. 1981లో, 36 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

అలాగని ఊరూరా చర్మ పరీక్షల శిబిరాలు పెట్టాలని మేం కోరడం లేదు. అమెరికాలో నాలుగు దశాబ్దాల్లో మెలనోమా నిర్ధారణలు ఆరు రెట్లు పెరిగినా మరణాలు పెద్దగా మారలేదు. వెతికిన కొద్దీ ప్రాణహాని లేని మచ్చలకు కూడా క్యాన్సర్ ముద్ర పడుతుందనడానికి అది నిదర్శనం. ఇంత అరుదైన జబ్బుకు మనకు కావలసింది అందరినీ జల్లెడ పట్టడం కాదు. షుగర్ రోగుల పాదాలు ఎలాగూ చూడాల్సిందే. చూసేటప్పుడు మడమ కింద, వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో కూడా చూడాలి. గోటి మీది నల్లగీత చుట్టూ ఉన్న చర్మంలోకి పాకితే వెంటనే నిపుణుల వద్దకు పంపాలి. మానని ప్రతి పుండు నుంచీ ముక్క తీయాలి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులు తమ వద్దకు వచ్చే అరికాలి మెలనోమాల ఫొటోలను, కణితి నమూనాలను, రోగుల పేర్లు లేకుండా, అనుమతితో ఒకచోట భద్రపరచడం మొదలుపెడితే యంత్రానికి మన చర్మం పాఠమూ దొరుకుతుంది, మన రోగులకు మందుల ప్రయోగాల్లో చోటు అడిగే ఆధారమూ దొరుకుతుంది. కంటి మెలనోమా విషయంలో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ భారతీయ రోగుల వివరాలతో పరిశోధన పత్రాలు వెలువరిస్తూనే ఉంది. కంటికి సాధ్యమైంది కాలికి ఎందుకు కాదో ఆరోగ్య శాఖలు చెప్పాలి.