పదేళ్లు నిండాయని పికప్‌ను తెగనమ్ముకోకండి

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు తన పికప్ అమ్మేశాడు. 2014 మోడల్. సొంతంగా నడుపుకునే బండి, కిస్తీలు ఎప్పుడో తీరిపోయాయి. ఎందుకురా అని ఫోన్ చేసి అడిగితే, "పదేళ్లు దాటితే గవర్నమెంటే ఎత్తుకుపోయి తుక్కు చేస్తాదంట కదన్నా, అంతలోపల వచ్చినకాడికి ఇచ్చేసినా" అన్నాడు. వచ్చినకాడికి అంటే లక్షా అరవై వేలు. ఆ డబ్బు ముందు కట్టి, మిగతా తొమ్మిది లక్షలు ఫైనాన్స్ పెట్టి కొత్తది తెచ్చుకున్నాడు. అరవై నెలల అప్పు నెత్తికెత్తుకున్నాడు.

వాడికి ఆ మాట చెప్పింది ఆర్టీఓ ఆఫీసు కాదు, ఒక వాట్సాప్ మెసేజ్. హోస్కోట నుంచి హోసూరు దాకా మన తెలుగు డ్రైవర్ల గ్రూపుల్లో కొన్నాళ్లుగా తిరుగుతోంది. నాకే నాలుగుసార్లు వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను సుప్రీంకోర్టు రద్దు చేసింది, బెంగళూరు బంకుల్లో త్వరలో వాటికి డీజిల్ కూడా పోయరు. పాత బండి రిపేర్ల డబ్బుతో కొత్త బండి ఈఎంఐ కట్టేయొచ్చు. కొత్త బండి మైలేజీలోనే సగం కిస్తీ వచ్చేస్తుంది. కొత్త బండి దారిలో ఆగదు. జీఎస్టీ తగ్గింది, కాబట్టి ఇదే అదను.

మాది మదనపల్లె వైపు. బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. కోలారు మార్కెట్ నుంచి టమోటా, కూరగాయలు తెచ్చి వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు హోటళ్లకు వేస్తాం. మా బండి 2013 పికప్, బావమరిది నడుపుతాడు, లెక్కలు నేను రాస్తాను. ఆ లెక్కల పుస్తకం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందుగా సుప్రీంకోర్టు సంగతి. ఈ మెసేజ్ మూడు వేరువేరు విషయాలను కలిపి ఒకే భయంగా వండింది. ఒకటి, 2017 మార్చి 29న వచ్చిన తీర్పు. ఆ ఏప్రిల్ 1 నుంచి కొత్త బీఎస్-3 బండ్లను అమ్మకూడదన్నది ఆ తీర్పు (బీఎస్ అంటే బండి పొగ ఎంత ఉండొచ్చో చెప్పే ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ కఠినం). షోరూముల్లో అమ్ముడుపోకుండా ఉన్న బండ్ల గురించి చెప్పిన మాట అది. అప్పటికే రిజిస్టర్ అయి రోడ్డు మీద తిరుగుతున్న బండ్లను అది ఆపలేదు. రెండు, పదేళ్ల డీజిల్ నిబంధన. అది ఉంది, నిజమే. కానీ అది ఢిల్లీకి, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానికి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2025లో అదే కోర్టు కొంత సడలించింది. బంకుల్లో పాత బండ్లకు డీజిల్ పోయకపోవడం కూడా 2025 జులై 1న ఢిల్లీలో మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లోనే పక్కన పెట్టేశారు. అప్పటి వీడియోల కిందే ఎవరో బెంగళూరు పేరు తగిలించారు. మూడు, 2021లో వచ్చిన తుక్కు విధానం. అందులో వయసు నిండిందని బండిని లాక్కెళ్లడం లేదు. ఫిట్‌నెస్ పరీక్షలో బండి నిలబడుతుందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. పదిహేనేళ్లు దాటినవాటికి రిజిస్ట్రేషన్ పొడిగించకూడదన్నది ప్రభుత్వ శాఖల సొంత బండ్లకు, 2023 ఏప్రిల్ నుంచి.

మరి మన బండికి వర్తించేది ఏమిటి? సరుకు బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఎనిమిది దాటాక ఏటేటా ఎఫ్‌సీ. పదిహేనేళ్లు దాటితే ఆ ఫీజు గట్టిగా పెరిగేలా 2022 ఏప్రిల్‌లో మార్చారు, 2025 నవంబరులో ఆ పెంపును పదేళ్లు దాటినవాటికే మొదలుపెట్టారు. కర్ణాటకలో పాత బండికి గ్రీన్ టాక్స్ కూడా ఉంది. బీఎస్-3 అయితే ఎమిషన్ సర్టిఫికెట్ ఆర్నెల్లకోసారి, బీఎస్-4 నుంచి ఏడాదికోసారి. ఇవన్నీ ఖర్చే, తిరుగుడే. కానీ పదకొండేళ్ల బండిని రాత్రికి రాత్రి లక్షా అరవైకి వదిలించుకోవాల్సినంత ప్రమాదం వీటిలో ఏదీ లేదు.

ఇక అసలు విషయం, డబ్బు. "రిపేర్ల డబ్బుతో ఈఎంఐ కట్టేయొచ్చు" అన్న వాక్యం దగ్గరే చాలామంది పడిపోతున్నారు. ఎందుకంటే రిపేరు నొప్పి ఒక్కసారిగా తెలుస్తుంది. జేసీ రోడ్డులో ఒక క్లచ్ సెట్టుకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన రోజు ఆ బండి మీద అసహ్యం పుడుతుంది. ఈఎంఐ అలా కనపడదు, అకౌంట్లోంచి నిశ్శబ్దంగా పోతుంది.

మా పుస్తకంలో గడిచిన పన్నెండు నెలల ఖర్చు ఇలా ఉంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు కూలీతో సహా 11,800. ఇంజెక్టర్ల పని 14,500. వెనక స్ప్రింగ్ కట్టలో విరిగిన పెద్ద పట్టీ 6,200. రేడియేటర్ 7,400. సెల్ఫ్ మోటారు 3,600. తొట్టి అడుగు రేకు తుప్పు పట్టి టమోటా నీళ్లు కారుతుంటే మార్పించి పెయింట్ వేయించాం, 16,000. ఎఫ్‌సీకి అయిన ఖర్చులన్నీ కలిపి 12,500. చిల్లర పనులు 9,000. మొత్తం 81,000. టైర్లు, ఇంజన్ ఆయిలు ఇందులో వేయలేదు, అవి ఏ బండికైనా తప్పవు.

ఇక్కడితో ఆపితే నేనూ ఆ మెసేజ్ రాసినవాడిలా సగం లెక్కే చెప్పినవాణ్ని అవుతాను. బండి గ్యారేజీలో ఉన్న రోజులు పదకొండు. హోటళ్లకు సరుకు ఆగకూడదు కాబట్టి ఆ రోజులకు రోజుకు 2,500 ఇచ్చి వేరే పికప్ మాట్లాడుకున్నాం. అది 27,500. రెండూ కలిపితే 1,08,500.

ఇప్పుడు మా తమ్ముడి కిస్తీ చూడండి. తొమ్మిది లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకు సుమారు 19,570. ఏడాదికి 2,34,840. ఐదేళ్లలో వడ్డీ ఒక్కటే రెండు లక్షల డెబ్భై నాలుగు వేలు. దీనికి ఇన్సూరెన్సు తేడా కలపాలి. థర్డ్ పార్టీ ప్రీమియం (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) 7,500 కిలోల లోపు సరుకు బండికి 16,049 రూపాయలు, 2022 జూన్‌లో పెట్టిన రేటు, బండి పాతదైనా కొత్తదైనా అంతే. కానీ అప్పు మీద ఉన్న బండికి ఓన్ డ్యామేజీ (మన బండికే జరిగే నష్టానికి) కూడా తప్పనిసరిగా కట్టించుకుంటారు.

మైలేజీ మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం, అది కొంత నిజం కాబట్టి. మా బండి లీటరుకు పదకొండున్నర ఇస్తోంది. కొత్తది పద్నాలుగు ఇస్తుందనే అనుకుందాం. వారానికి ఐదు రోజులు కోలారు పోయి రావడం, నెలకు 2,400 కిలోమీటర్లు. ఏడాదికి మాకు దాదాపు 447 లీటర్లు ఎక్కువ తాగుతుంది. లీటరు 91 చొప్పున 40,700. ఇదీ పాత బండి ఖాతాలోనే వేశాను. మొత్తం 1,49,200 అయింది. ఈఎంఐకి ఇంకా 85,000 పైచిలుకు తేడా ఉంది. మా మెకానిక్ భాయ్ ఇంజన్ బోరు పనికి చెప్పిన అంచనా సరిగ్గా 85,000. అంటే ఇంజన్ మొత్తం విప్పి చేయించిన ఏడాది కూడా పాత బండి ఖర్చు కొత్త బండి కిస్తీని దాటదు. ఈ లెక్క నేను మూడుసార్లు వేసి చూసుకున్నాను.

అందరికీ ఇదే లెక్క కుదురుతుందా అంటే కుదరదు. నెలకు ఆరు వేల కిలోమీటర్లు లైన్లో తిప్పేవాళ్లకు అదే మైలేజీ తేడా ఏడాదికి లక్ష దాటుతుంది. రిపేర్లూ ఆ మేరకే పెరుగుతాయి. రాత్రి లోడు ఆగితే సరుకు కుళ్లిపోతుంది. వాళ్లు కొత్త బండి కొంటే నేను తప్పనను. నా కోపమల్లా రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే చిన్న బండివాడికి కూడా అదే సలహా ఇస్తున్నందుకు.

"కొత్త బండి దారిలో ఆగదు" అన్నది చదివినప్పుడు నాకు మొన్నటి వానాకాలం గుర్తొచ్చింది. మా బంధువుల్లో ఒకాయన బండి, ఏడాదిన్నర వయసుది, మారతహళ్లి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు మీద నడక నెమ్మదించి, ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా ఎత్తుకోవడం మానేసింది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు అంతకు వారం ముందునుంచే వెలుగుతోంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. బీఎస్-6 డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. పొగలోని మసి అందులో పట్టుకుంటుంది. జల్లెడ నిండుతున్నప్పుడు బండి తనే పొగను బాగా వేడెక్కించి ఆ మసిని కాల్చేసుకుంటుంది. దానికి బండి కాసేపు ఆగకుండా ఒక వేగంలో పోవాలి. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా ఫస్ట్ గేరు, సెకండ్ గేరులో పాకే బండికి ఆ అవకాశం ఎక్కడిది? మసి నిండిపోతుంది, ఇంజన్‌ను కాపాడుకోవడానికి బండి తన బలం తనే తగ్గించుకుంటుంది. టోయింగ్‌లో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ఐదు రోజులు పట్టింది. రోడ్డు పక్క మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు, దానికి కంప్యూటర్ పెట్టాలి.

ఇది బండి లోపం అనను. లైటు వెలిగిన రోజే హోస్కోట హైవే మీద అరగంట తోలి ఉంటే చాలావరకు అక్కడే తీరిపోయేది. కొత్త బండి కొన్నవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. కొందరు ఆ జల్లెడనే కోసి పారేయిస్తున్నారు. అది చట్టవిరుద్ధం, పైగా మనం పీల్చే గాలికే చేటు. దయచేసి ఆ పని చేయకండి.

గాలి మాట వచ్చింది కాబట్టి, మెసేజ్‌లో లేని ఒక విషయంలో మాత్రం కొత్త బండిదే పైచేయి. 2020 ఏప్రిల్ నుంచి అన్ని బంకుల్లో వచ్చే డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) నుంచి 10కి తగ్గింది, దాని మేలు మన పాత బండికీ కొంత అందుతుంది. కానీ మసి పట్టే జల్లెడ మన బండికి లేదు. మా బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది) లేదు, ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు. బావమరిది దాంట్లో తెల్లవారుజామున మూడింటికి బయలుదేరుతాడు. ఆ ఆలోచన నాకు ప్రతిరోజూ వస్తుంది. అందుకే బ్రేకుల పనికి మేము బేరం ఆడం, ఇంజెక్టర్లకు పెట్టిన ఆ పద్నాలుగున్నర వేలు కూడా నల్ల పొగ కనపడిన వారంలోనే పెట్టాం. పొగ కక్కుతూ తిరిగే బండిని నేను వెనకేసుకురాను.

జీఎస్టీ తగ్గింది నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద 28 శాతం నుంచి 18కి వచ్చింది. కొనాలని ముందే నిర్ణయించుకున్నవాడికి మంచిదే. కానీ కొత్త బండి రేటు పడితే పాత బండికి వచ్చే రేటూ పడుతుంది. జీఎస్టీలో రిజిస్టరై ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే వ్యాపారికి ఆ పన్ను ఎలాగూ సర్దుబాటు అయ్యేదే. ఇక కొత్త బండి విలువ ఎంత వేగంగా కరుగుతుందో ఇన్సూరెన్సువాళ్ల పట్టికే చెబుతుంది. కొత్త రేటులోంచి అప్పటిదాకా మొత్తం తరుగు ఇది: ఆర్నెల్లు దాటితే 15 శాతం, రెండో ఏడు 20, మూడో ఏడు 30, నాలుగో ఏడు 40, ఐదో ఏడు 50. కిస్తీలు తీరేసరికి బండి విలువ సగం. మన పాత బండి ఆ దెబ్బ ఎప్పుడో తినేసింది.

మరి ఎప్పుడు అమ్మాలి? మా భాయ్ నాకు చూపించిన పద్ధతి చెబుతాను. మాకంటే ఒక ఏడాది కొత్త బండి ఒకటి అతని షెడ్డుకు వచ్చింది. ఎరువులు, ఉప్పు మోసిన బండి. పైన పెయింట్ నిగనిగలాడుతోంది. భాయ్ కిందికి దూరి, వెనక స్ప్రింగ్ బ్రాకెట్ పైన చాసిస్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టాడు. ఖంగుమనాల్సింది, అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. మొన పెట్టి నొక్కితే పెచ్చులు పెచ్చులుగా రాలి, మొన లోపలికి దిగింది. పక్కనే పాత వెల్డింగ్ అతుకు, దాని అంచున వెంట్రుకంత బీట. "దీనికి ఇంజన్ ఎంత బాగుంటే ఏం లాభం సార్" అన్నాడు. ఆ బండికి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. దాన్ని మాత్రం తుక్కుకే పంపాలి. రిజిస్టర్డ్ స్క్రాప్ సెంటర్‌లో ఇస్తే వచ్చే సర్టిఫికెట్ మీద కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, రోడ్డు ట్యాక్సులో కొంత రాయితీ కూడా దొరుకుతాయి.

నిన్న సాయంత్రం మా ఇంకో తమ్ముడు ఫోన్ చేశాడు. అదే మెసేజ్, అదే భయం. వాడిది 2015 బండి. కొనేవాడు రెండు లక్షల పది అంటున్నాడట, సోమవారం అడ్వాన్సు ఇస్తాడట. అడ్వాన్సు తీసుకోవద్దన్నాను. ఆదివారం పొద్దున బండిని ఖాళీగా, కింద బాగా నీళ్లు కొట్టి కడిగి, హోస్కోట షెడ్డుకు తెమ్మన్నాను. ఏడాది డీజిల్ చీటీలు, రిపేరు బిల్లులు ఉన్నంతవరకు ఒక కవర్లో వేసుకు రమ్మన్నాను. భాయ్‌కి చెప్పి ఉంచాను. స్క్రూడ్రైవర్ నేను తీసుకెళ్తాను.