అరువు గొంతుకి అవార్డు

పాప్ సంగీతంలో మోసాల ప్రస్తావన వచ్చిందంటే ముందు మిల్లీ వనిల్లీ అనే జంట పేరెత్తాలి. పెళ్లిలో గణపతి పూజలాగ, అది కానిదే కార్యక్రమం మొదలవదు. రాబ్ పిలాటస్, ఫ్యాబ్ మోర్వాన్ అనే ఇద్దరు కుర్రాళ్లు పాడకుండా పెదవులాడించారట! ఎంత ఘోరం! ఘంటసాల గొంతుకి రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ పెదవులాడిస్తే టిక్కెట్టు కొని చూసి, ఇంటికొస్తూ అదే పాట కూనిరాగం తీసిన మనం కూడా వాళ్ల మీద మండిపడాలట.

సరే, మండిపడదాం. ముందు వంటకం ఎలా వండారో చూద్దాం. 1988, జర్మనీ. వంటమాస్టరు ఫ్రాంక్ ఫారియన్ అనే పాటల నిర్మాత. బోనీ ఎమ్ అనే పాప్ బృందంలో మగగొంతు తనే పాడి, స్టేజీ మీద గంతులకి బాబీ ఫారెల్‌ని పెట్టిన చెయ్యి తిరిగినవాడు. పాట కొత్తది అక్కర్లేదు. బాల్టిమోర్‌లో నూమార్క్స్ అనే బృందం 1987లో చేసిన 'గర్ల్ యూ నో ఇట్స్ ట్రూ' సిద్ధంగా ఉంది. గొంతులకి చార్ల్స్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్ లాంటి స్టూడియో మనుషులు. ముఖాలకి మ్యూనిక్‌లో డాన్సులు చేసుకునే ఇద్దరు: పొడవాటి జడపాయలు, ఎత్తు భుజాల కోట్లు, బిగుతు ప్యాంట్లు. చివర్లో తాలింపు, అంటే అడ్వాన్సు. అది ఖర్చయ్యాక 'మేమే పాడతాం' అంటే 'బాకీ కట్టి పాడండి' అనొచ్చు.

పాట జర్మనీలో నంబర్ వన్, బ్రిటన్‌లో 3, అమెరికా పాటల చార్టు హాట్ 100లో 2. ఆ ఒక్క మెట్టు లోటు తీర్చడానికి తర్వాత వదిలిన మూడు సింగిల్సూ అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి.

ఇక 1989 జులై, కనెటికట్‌లోని బ్రిస్టల్, లేక్ కంపౌన్స్ పార్కు. రికార్డు చేసిన గొంతు స్పీకర్లలో మోగుతోంది, కుర్రాళ్లు ఎగురుతున్నారు. ఉన్నట్టుండి యంత్రం ఇరుక్కుంది. "గర్ల్ యూ నో ఇట్స్... గర్ల్ యూ నో ఇట్స్... గర్ల్ యూ నో ఇట్స్..." గీతపడ్డ గ్రామఫోన్ ప్లేటు మీద ముల్లులాగ. పాటలో ఒక్క మాటే మిగిలింది, 'నిజం' అని. అదే రావడం లేదు! మొదటిసారికి పెదవులు కదపొచ్చు. రెండోసారి స్టైలనుకుంటారు. మూడోసారికి కాళ్లు తర్వాతి చరణంలో ఉంటాయి, నోరు మాత్రం పల్లవికి పరిగెత్తుకు రావాలి. నాలుగోసారికి ఏ ముఖం పెట్టాలో ఏ గురువూ నేర్పడు. రాబ్ స్టేజీ దిగి పారిపోయాడు. జనం పెద్దగా పట్టించుకోలేదు. సంగీత పండితులైతే బొత్తిగా పట్టించుకోలేదు. ఏడు నెలలకి, 1990 ఫిబ్రవరిలో, పిలిచి ఉత్తమ నూతన కళాకారులుగా గ్రామీ అవార్డు ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా అదే పాట, అదే పెదవులాట!

నవంబరులో ఫారియన్ నోరు విప్పాడు, పాడింది వీళ్లు కాదని. గ్రామీ వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో వాళ్ల రికార్డులు అమ్మిన అరిస్టా కంపెనీ వాళ్లని వదిలించుకుని, ఆల్బమ్‌ని కేటలాగు నుంచి తీసేసింది. చెవులకి గాయమైన కొనుగోలుదారులకి 3 డాలర్ల దాకా వాపసు.

గొంతుకి గాయమైనవాళ్ల మాట? అమెరికా ఆల్బమ్ అట్ట మీద గానం అని ఈ ఇద్దరి పేర్లు అచ్చేశారు. అసలు నేరం అది. పెదవులాడించడం నటన, వేరేవాడి పేరు అచ్చెయ్యడం దొంగతనం. ఆ అట్ట అచ్చేసింది ఈ డాన్సర్లా? 1989 చివర్లో చార్ల్స్ షా 'పాడింది నేనూ' అని ఒక విలేకరికి చెబితే, డబ్బిచ్చి ఆ మాట మింగించారు. మన దగ్గరా ఈ పాపం జరిగింది. 1949లో 'మహల్' సినిమా పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుండాల్సిన చోట పాత్ర పేరు 'కామిని' అని వేశారు. సిగ్గులేనితనానికి భాషాభేదం లేదు. ఇద్దరు కుర్రాళ్లని లోకమంతా ఉమ్మేసింది, సరే. వండినవాడు మాత్రం 1991లో అసలు గాయకులతో 'ది రియల్ మిల్లీ వనిల్లీ' అని బృందం కట్టి ఇంకో ఆల్బమ్ తీసి అమ్ముకున్నాడు. దొంగే వచ్చి, 'నిన్నటిది నకిలీ, ఇవాళ్టిది అసలు సరుకు, కొనుక్కోండి' అంటే వాడికి రావాల్సిన తిట్లు ఎవరి ఖాతాలో పడ్డాయి? రాబ్ 1998లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఓ హోటల్లో చనిపోయాడు. 32 ఏళ్లు.

చార్టు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ రోజుల్లో షాపులు చెప్పిన అమ్మకాలూ, రేడియోలు పంపిన ప్లేలిస్టులూ కూడి అంకె వేసేవాళ్లు. ఎవరు పాడారన్న గడి అందులో లేదు. 'గర్ల్ యూ నో ఇట్స్ ట్రూ' ఆ లెక్కలో ఇప్పటికీ 2వ స్థానంలోనే ఉంది.