అలిపిరి లేని కొండ

మా తిరుపతి పాత విద్యార్థుల ఈమెయిల్ గ్రూపులో నిన్న సుప్రభాతం వేళకే రెండు శుభవార్తలు దిగాయి. ఎవరో దొరగారు 45 లక్షల డాలర్లు నా పేర రాసి కన్నుమూశాడట. నా బట్టతల మీద 21 రోజుల్లో జుట్టు మొలుస్తుందట.

ఇట్లా పిలవకుండా వచ్చి పడే జాబుల్నే స్పామ్ అంటారు. స్పామ్ అంటే అసలు 1937 నుంచి అమెరికాలో అమ్ముతున్న డబ్బా పంది మాంసం పేరు. ఆ డబ్బా అలిపిరిలో స్కానర్ కంటపడితే అక్కడే ఆపేస్తారు. మా గ్రూపులోకి మాత్రం దర్జాగా వస్తుంది. మా అడ్మిన్‌ది విశాల హృదయం మరి. "సభ్యులు కానోళ్లు రాస్తే ఏమైందిలేప్పా, నాలుగు మాటలు వినబడతాయి" అంటాడు. 1978 మేలో ఓ కంప్యూటర్ కంపెనీ ఆసామి దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపి ఈ వంశానికి మూలపురుషుడయ్యాడు. తిట్లు తిన్నాడు, సరుకూ బాగా అమ్ముడుపోయిందని చెప్పుకున్నాడు. ఆ రెండో ముక్కే మన కొంప ముంచింది.

బయటివాళ్ల సంగతి సరే, మనవాళ్లో? మొన్న శనివారం ఒకాయన "గిరిప్రదక్షిణకు అరుణాచలం పోతున్నా, సోమవారం జవాబిస్తా" అని తన పాత ఆఫీసు మెయిల్‌కి ఆటోమేటిక్ జవాబు తగిలించి బస్సెక్కాడు. జుట్టు నూనె జాబు రాగానే అది మర్యాదగా గ్రూపు మొత్తానికీ ఆ మాట చెప్పింది. కూతురి కాన్పుకని బెంగళూరు పోయిన ఇంకొకాయన మెయిల్ దానికి బదులిచ్చింది. ఇంకేముంది! "నేను అరుణాచలంలో ఉన్నాను." "నేను బెంగళూరులో ఉన్నాను." "సంతోషం, నేను అరుణాచలంలో ఉన్నాను." తాళం వేసిన రెండు ఇళ్లు తెల్లార్లూ కుశలప్రశ్నలు వేసుకున్నాయి. పొద్దున్నే అడ్మిన్ లేచి "దయచేసి ఎవరూ అందరికీ జవాబు కొట్టకండి" అని అందరికీ కొట్టాడు. "మంచి సూచన" అంటూ డజను మంది అందరికీ కొట్టారు. "నన్ను తీసేయండి సామీ" అని ఒకాయన ఆరుసార్లు మొత్తుకున్నాడు. ఆరుసార్లూ అరుణాచలం పలికింది, బెంగళూరు పలికింది.

ఇక్కడిదాకా నేనూ నవ్వాను. మా జూనియర్ ఒకామె, భర్త ఏడాది కార్యం ముగిశాక కొండమీద గది కోసం వెతుకుతుంటే, "గది, దర్శనం గ్యారంటీ" అని ఈ గ్రూపులోనే జాబు వచ్చింది. మనవాళ్ల గ్రూపే కదా అని 14 వేలు పంపింది. గదీ లేదు, ఆ ఫోను మళ్లీ మోగలేదు. మన పెద్దమనుషులు ఏమన్నారు? "చదువుకున్న మనిషి, ఆమాత్రం తెలీదా?" సిగ్గు లేదూ! ఆమె నమ్మింది మనల్నిరా! సభ్యులే రాయాలని ఒక్క టిక్కు పెట్టడానికి మీకు చెయ్యి రాలేదు. కొత్తగా చేరినవాడి మొదటి జాబు చూసి వదలడానికి తీరిక లేదు. మన అడ్రసులన్నీ నెట్‌లో వడియాల్లా ఆరబెట్టారు. వాటిని ఏరుకోడానికే దొంగల ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతుంటాయని చెప్తే "గమ్మునుండప్పా" అన్నారు.

నేను గమ్మునుండలేదు. గొడవ చేశాక అడ్మిన్ ఆ టిక్కు సంగతి గ్రూపులోనే ఓటింగుకు పెట్టాడు. మొదటి ఓటు నిమిషంలో పడింది: సోమవారం జవాబిస్తాడట.