లేచి నడుస్తాడా? తొలి పదిహేను రోజుల లెక్క

చింతచెట్టు మీంచి పడినా, 44వ జాతీయ రహదారి మీద బైకు బోల్తా పడినా, వెన్ను దెబ్బతిన్న మనిషిని కర్నూలుకో అనంతపురానికో మోసుకొచ్చిన బంధువులు అడిగేది ఒకటే: ‘మావోడు మళ్లీ లేచి నడుస్తాడా సార్?’ ‘ఎంఆర్‌ఐ రానీ, చూద్దాం’ అన్న మాటతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది చాలామందికి.

నిజానికి దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేని లెక్క ఒకటుంది. యూరప్ వైద్యులు 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. దెబ్బ తగిలిన 15 రోజుల్లోపు ఐదు విషయాలు చూస్తారు: వయసు 65 లోపా, పైనా, మోకాలు చాపే తొడ కండరంలో, మడమ ఎత్తే పిక్క కండరంలో బలమెంత, మోకాలి లోపలివైపు, మడమ బయటివైపు దూది తాకితే తెలుస్తోందా. వీటినిబట్టి ఏడాది తర్వాత ఇంట్లో ఒకరి సాయం లేకుండా నడవగలడో లేదో అంచనా కడతారు. దూది, ఓపిక ఉన్న డాక్టరు చాలు. (రెండోదే కరువు.)

అయితే ఇది జాతకం కాదు. కాళ్లలో స్పర్శ, కదలిక రెండూ లేనివారికి, ఇప్పటికే బాగా కదిలించగలిగేవారికి అంచనా బాగానే కుదురుతుంది. స్పర్శ ఉండి కదలిక లేనివారు, కొద్దిపాటి కదలికే ఉన్నవారు ఆ రెండు రకాలవాళ్లకూ మధ్యలో ఉంటారు. లెక్క తడబడేది వీళ్ల దగ్గరే. ఇంట్లోవాళ్ల ఆశ ఊగిసలాడేదీ వీళ్ల విషయంలోనే. ‘ఇక లేవడు’ అని మొదటి వారంలోనే తేల్చేయడం వీళ్లకు అన్యాయం.

నాకు ఇంకో అనుమానం ఉంది. ఆ లెక్క వెన్నుపాము గాయాలకే ప్రత్యేకించిన కేంద్రాల్లో వైద్యం అందుకున్నవారి నుంచి పుట్టింది. మన దగ్గర ఆపరేషనయి కుట్లు విప్పాక ఆదోని పక్క పల్లెకు వెళ్లిన మనిషికి ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తారు? పుండ్లు పడి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, కీళ్లు బిగుసుకుపోతే, నరం కోలుకున్నా కాలు లేవదు. అంచనా తప్పిందంటే తప్పు ప్రతిసారీ వెన్నుపాముది కాదు.

2024 జూలై నుంచి మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన పక్షవాత బాధితులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచిదే. అందులో కొంత సొమ్ము తొలి ఆరు నెలల ఫిజియోథెరపీకి ముందే పెట్టాలి. ఆ ఐదు వివరాలూ డిశ్చార్జి చీటీలో రాసివ్వాలి. ఊళ్లో చూసే ఫిజియోథెరపిస్టుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.