కస్టమ్స్ మౌనం, మోసగాడి తెలుగు

నా పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగిపోయిన 41 రోజుల్లో దాని గురించి నాకు వచ్చింది ఒకే ఒక్క ఫోన్. చేసినవాడు మోసగాడు. మంచి తెలుగు మాట్లాడాడు. "మీ పేరు మీద వచ్చిన పార్సిల్ ముంబై కస్టమ్స్‌లో పట్టుబడింది సార్, లోపల మత్తుమందు దొరికింది, లైన్‌లో ఉండండి, ఆఫీసర్‌కి కలుపుతా" అన్నాడు. పేపర్ చదివే వాళ్లందరికీ ఈ కథ తెలుసు. ఇలా దొంగ ఆఫీసర్లు ఫోన్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ గురించి 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లోనే హెచ్చరించారు. అయినా ఒక్క క్షణం గుండె జారింది. ఎందుకంటే నా పార్సిల్ నిజంగానే కస్టమ్స్‌లో ఉంది.

అందులో ఉన్నది ఒక రబ్బరు బెల్ట్. పాత టేప్ రికార్డర్ లోపల తిరిగేది, గాజంత ఉంటుంది. మా కడపలో ఏడు రోడ్ల దగ్గర రిపేరు చేసే ఆయన "ఆ మోడల్ సామాన్లు ఇంక రావన్నా" అని తేల్చేస్తే జపాన్ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఖర్చు తొమ్మిది వందల పైచిలుకు. వారంలో దేశంలోకి వచ్చేసింది. ఆ తర్వాత ట్రాకింగ్‌లో "కస్టమ్స్" అన్న ఒక్క మాట దగ్గర నిలబడిపోయింది. ఎందుకు ఆపారు? ఎవరిని అడగాలి? ఏదైనా కాగితం పంపాలా? పోస్టాఫీసులో అడిగితే అది మా చేతిలో లేదన్నారు. మా పోస్ట్‌మ్యాన్ మాత్రం ధైర్యం చెప్పాడు: "వచ్చేదుంటే వస్తాదిలే అన్నా."

తనిఖీ వద్దని నేననను. 2023లో మత్తుమందుల రవాణాను అడ్డుకునే కేంద్ర సంస్థ ఎన్‌సీబీ దాదాపు 15 వేల ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు బిళ్లలు పట్టుకుంది. తపాలా బిళ్ల కంటే చిన్నవి, కవర్లలో దాచి పంపేవి. బహుమతి అని రాసి పన్ను ఎగ్గొట్టి సరుకు దించిన కంపెనీల వల్లే కదా 2019 డిసెంబరులో ప్రభుత్వం ప్రాణాధార మందులు, రాఖీలు తప్ప మిగతా బహుమతులకు ఆ దారి మూసేసింది. పెట్టె విప్పి చూడాల్సిందే. ఆ పని చేసేవాళ్లు తక్కువ, పెట్టెలు ఎక్కువ, ఆలస్యమూ సహజమే.

నా పేచీ వేరే. పెట్టె విప్పడానికి నోటితో పనిలేదు, నిజమే. కానీ విప్పిన సంగతి, ఆపిన సంగతి పెట్టె యజమానికి చెప్పడానికి ఏమడ్డం? అది చెప్పకుండా వదిలేసిన ఖాళీలోకే మోసగాడు దూరుతున్నాడు. వాడు కొత్త భయాన్ని పుట్టించనక్కర్లేదు. మనలో అప్పటికే ఉన్న టెన్షన్‌కి ఒక పేరు, ఒక నంబరు, ఒక రేటు చెబుతాడు అంతే. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది, అన్నీ విడమరిచి చెబుతాడు. అసలు ఆఫీసు చెప్పాల్సిన మాటలివే.

ఇది మా వైపు మరీ ప్రమాదం. పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి దిక్కు వెళ్లి చూడండి, వీధి వీధిలో కువైట్‌కు పనికి పోయిన వాళ్ల ఇళ్లే. కార్గో పెట్టె వస్తుందంటే ఇల్లంతా ఎదురుచూపే. దుప్పట్లు, పాలపొడి, సెంటు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు. ఆ పెట్టె కోసం చూసే ఇల్లాలికి "అమ్మా, మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇంత కడితే వదిలేస్తారు" అని ఫోన్ వస్తే నమ్మకుండా ఎలా ఉంటుంది? పెట్టె నిజం, ఆగడం నిజం, కస్టమ్స్ నిజం. అబద్ధం ఆ ఫోన్ ఒక్కటే.

దీనికి విరుగుడు ప్రభుత్వం దగ్గర లేదా అంటే, ఉంది. 2019 నవంబరు 8 నుంచి కస్టమ్స్ శాఖ పంపే ఉత్తరాలకు డిన్ అనే ఒక నంబరు ఉంటుంది, అది అసలుదో నకిలీదో వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మంచి ఏర్పాటే. కడప బజారులో పదిమందిని ఆపి అడగండి, ఒక్కరికి తెలిస్తే నాకు చెప్పండి. లెక్కగట్టిన సుంకం వంద రూపాయలు మించకపోతే వసూలు చేయకూడదని కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది. అదీ ఏ కౌంటర్ దగ్గరా రాసిపెట్టి ఉండదు. పార్సిల్ మీద నా ఫోన్ నంబరు ఉంది. "ఫలానా కారణంతో ఆపాం, ఫలానా కాగితం కావాలి" అని తెలుగులో ఒక మెసేజ్ పంపడానికి ఎంతవుతుంది?

తెలుగులో అని ఊరికే అనడం లేదు. 1820లో సీపీ బ్రౌన్ అనే 21 ఏళ్ల ఇంగ్లీషు కుర్రాడు కలెక్టర్ కింద పని చేయడానికి కడపకు వచ్చాడు. అతని మీద మనకున్న భక్తి అంతా నిఘంటువు గురించి, వేమన పద్యాల గురించి. కానీ మొదట తెలుగు పట్టుకున్నది సాహిత్యం కోసం కాదు, ఉద్యోగం కోసం. రైతు చెప్పుకునే మొర అర్థం కావాలి, తను చెప్పేది రైతుకు అర్థం కావాలి. పన్ను వసూలే పనిగా పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ, వసూలు చేసే మనిషికి జనం భాష రావాలనుకుంది. ఎర్రముక్కపల్లెలో అతని పేరు మీద పరిశోధన కేంద్రం కట్టుకున్నాం, దండలు వేస్తున్నాం. రెండు వందల ఏళ్లు దాటాక, మనం ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వంలో, నా పార్సిల్ గురించి నేను చూసిన ప్రతి అక్షరమూ ఇంగ్లీషే.

42వ రోజు బెల్ట్ వచ్చింది. కవరు ఒక అంచు బ్లేడుతో కోసి, మళ్లీ టేపు వేసి ఉంది. పచ్చ డిక్లరేషన్ చీటీ పక్కన పెన్నుతో ఒక అంకె, అంత సుంకం కట్టాలన్నాడు పోస్ట్‌మ్యాన్. ఏ లెక్కన వచ్చిందో అతనికీ తెలియదు. కట్టాను. తీరా బిగించి చూస్తే బెల్ట్ కాస్త వదులు, ఇంకోటి తెప్పించాలి. ఆర్డర్ పెట్టే ముందే ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంచాను: కస్టమ్స్ అని ఎవరైనా తెలుగులో మాట్లాడితే వెంటనే ఫోన్ పెట్టేయమని.